కోచ్‌కి స్కోరు ఎప్పుడు చెప్పాలి, కాలేజీకి ఎప్పుడు పంపాలి?

2018 ఏప్రిల్ 13న ఆస్ట్రేలియాలో జరిగిన గోల్డ్‌కోస్ట్ క్రీడల్లో హరియాణా కుర్రాడు అనీష్ భన్వాలా 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచాడు. అప్పటికి అతని వయసు 15. కామన్వెల్త్ క్రీడల్లో అంత చిన్న వయసులో బంగారం తెచ్చిన భారతీయుడు అంతకుముందు లేడు. పతకంతో తిరిగొచ్చిన ఆ పిల్లవాడి కోసం ఇంటి దగ్గర పదో తరగతి బోర్డు పేపర్లు కొన్ని మిగిలే ఉన్నాయి. క్రీడాకారుల కోసం విడిగా పరీక్ష పెట్టడానికి సీబీఎస్‌ఈ ఆ ఏడాది ఒప్పుకుంది కాబట్టి సరిపోయింది.

ఫరీదాబాద్‌లో ఆటలాడే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆట, చదువు అనే ఈ రెండు క్యాలెండర్ల గొడవ ఉంటుంది. సూరజ్‌కుండ్ దారిలో కొంచెం ముందుకు వెళితే తుగ్లకాబాద్‌లో కర్ణీసింగ్ షూటింగ్ రేంజ్. ఊరి చుట్టూ అఖాడాలు, టెన్నిస్ అకాడమీలు, క్రికెట్ నెట్లు. సెక్టార్ 33లో ఎన్‌హెచ్‌పీసీ ప్రధాన కార్యాలయం, సెక్టార్ 13లో ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం ఉండటంతో ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కూడా తక్కువేమీ కాదు. పిల్ల రాష్ట్రస్థాయి దాటి జాతీయస్థాయికి వెళ్లగానే ఆ ఇళ్లలో అమెరికా స్కాలర్‌షిప్ మాట మొదలవుతుంది. వెంటనే ఇంకో ప్రశ్న: అక్కడి ప్రవేశ పరీక్ష శాట్ రాయాలా? రాస్తే ఆ స్కోరు ఎవరికి, ఎప్పుడు పంపాలి?

దీనికి జవాబు అంకెల్లోనే ఉంది. అయితే స్కోరు కంటే ముందు చూడాల్సిన సంగతి ఒకటుంది: మీ పిల్లల ఆట అమెరికా కాలేజీల్లో ఉందా?

అక్కడి కాలేజీ క్రీడల్ని నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. దాని కింద డివిజన్ వన్, టూ, త్రీ అనే మూడు అంచెల్లో దాదాపు 1,100 కాలేజీలు, 5 లక్షలకు పైగా విద్యార్థి క్రీడాకారులు. అంత పెద్ద వ్యవస్థలో పిస్టల్ షూటింగ్ లేదు. రైఫిల్ మాత్రమే ఉంది. అదీ సుమారు 30 కాలేజీల్లో, ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే జట్టుగా. కర్ణీసింగ్ రేంజ్‌లో పదేళ్లు పిస్టల్ పట్టిన పిల్లకు ఆ ఆట ద్వారా ఎన్‌సీఏఏ స్కాలర్‌షిప్ దారి లేదు. ఈ మాట ఎనిమిదో తరగతిలోనే చెప్పేవాళ్లుంటే ఎన్ని ఇళ్లలో ఎంత డబ్బు, ఎంత ఆశ మిగిలేవో. క్రికెట్, కబడ్డీ, బ్యాడ్మింటన్ కూడా ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ ఆటలు కావు. బాక్సింగ్‌ను 1960లోనే ఆపేశారు. ఫీల్డ్ హాకీ ఆడపిల్లలకే. మగపిల్లల కుస్తీ ఉంది గానీ అది అమెరికా పద్ధతి ఫోక్‌స్టైల్, మన అఖాడాల్లో నేర్పే ఫ్రీస్టైల్ కాదు. హరియాణా ఆడపిల్లలకు మాత్రం మంచి కబురుంది. 2025 జనవరిలో మహిళల కుస్తీని ఎన్‌సీఏఏ 91వ ఛాంపియన్‌షిప్ క్రీడగా గుర్తించింది, అదీ ఫ్రీస్టైల్‌లోనే. టెన్నిస్, అథ్లెటిక్స్, ఈత, గోల్ఫ్ ఆడేవాళ్లకు దారి ఎప్పటినుంచో తెరిచే ఉంది.

ఆ దారిన వెళ్లినవాళ్లు మనకు తెలిసినవాళ్లే. ఆంధ్రా టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడాడు, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. సహజ యమలపల్లి టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడింది. నెల్లూరు నుంచి అమెరికా వెళ్లిన తల్లిదండ్రుల కొడుకు నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి 2024 డిసెంబరులో ప్రొఫెషనల్ అయ్యాడు. ఢిల్లీలో చదువుకున్న హైజంపర్ తేజస్విన్ శంకర్ 2017లో కాన్సాస్ స్టేట్‌లో చేరి 2018లో, 2022లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచాడు. అతను వెళ్లేనాటికే 2.26 మీటర్ల జాతీయ రికార్డు అతని పేరున ఉంది. అంత ఎత్తు ఎగిరినవాణ్ని కోచ్‌లే వెతుక్కుంటూ వస్తారు. మిగతా పిల్లల విషయంలో మార్కులు, స్కోరు, తేదీలు అన్నీ మాట్లాడాల్సిందే.

ఇప్పుడు స్కోరు సంగతి. పాత భయం ఒకటి ఇంకా మన ఇళ్లలో తిరుగుతోంది: శాట్‌లో ఇంత రాకపోతే ఎన్‌సీఏఏ ఆడనివ్వదని. ఒకప్పుడు అది నిజమే. 1986లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం 1600కు కనీసం 700 రావాలి, 11 ముఖ్య సబ్జెక్టుల్లో గ్రేడ్ సగటు 2.0 ఉండాలి. తర్వాత దాన్ని మెట్లమెట్లుగా మార్చారు. ఎత్తేసేనాటికి డివిజన్ వన్‌లో 2.3 సగటు ఉన్నవాళ్లకు 980 కావాలి. 3.55 ఉంటే 400 చాలు. శాట్‌లో ఎవరికైనా వచ్చే అతి తక్కువ స్కోరే 400. చదువులో బాగున్నవాళ్లకు ఆ పరీక్ష అప్పటికే పేరుకు మాత్రం మిగిలిందన్నమాట. కోవిడ్‌తో 2020లో పక్కన పెట్టారు, 2023 జనవరిలో డివిజన్ వన్, డివిజన్ టూ రెండింటికీ పూర్తిగా రద్దు చేశారు.

కాబట్టి ఎన్‌సీఏఏ అర్హత కోసం ఈరోజు శాట్ అక్కర్లేదు. కావలసింది తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు 16 కోర్ కోర్సులు, వాటిలో డివిజన్ వన్‌కైతే 2.3, డివిజన్ టూకైతే 2.2 సగటు. డివిజన్ వన్‌కైతే ఆ 16లో ఇంగ్లిష్ నాలుగేళ్లు, లెక్కలు మూడేళ్లు, సైన్సు రెండేళ్లు, సాంఘిక శాస్త్రం రెండేళ్లు ఉండాలి. డివిజన్ వన్‌లో 16లో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి కావాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్సులోంచి ఉండాలి.

సీబీఎస్‌ఈ పిల్లలు పడిపోయే గుంట ఇక్కడే ఉంది. పదో తరగతి అయ్యాక ఆటకు టైమ్ దొరుకుతుందని లెక్కలు వదిలేసి హ్యుమానిటీస్ తీసుకునేవాళ్లు చాలామంది. వాళ్ల చేతిలో లెక్కలు రెండేళ్లే ఉంటాయి, తొమ్మిది, పది. మూడో ఏడు ఎక్కణ్నుంచి వస్తుంది? పదకొండులో సబ్జెక్టులు ఎంచుకునే ఏప్రిల్ నెలలోనే ఈ లెక్క చూసుకోవాలి. శాట్ కోచింగ్‌కు లక్ష పోసినా ఆ లోటు తీరదు.

మరి స్కోరు ఎవరికి కావాలి? కాలేజీకి. ఎన్‌సీఏఏ అర్హత ఒకటి, కాలేజీలో సీటు ఇంకొకటి. కాలేజీలు మూడు రకాలుగా చీలిపోయాయి. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, హార్వర్డ్ 2024లో పరీక్ష తప్పనిసరి అని మళ్లీ ప్రకటించాయి. బ్రౌన్ అదే దారి పట్టింది, స్టాన్‌ఫర్డ్ 2026లో చేరేవాళ్ల నుంచి అడుగుతోంది. అక్కడ పంపాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అంటే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ లాంటివి, 2021 నుంచి సీటు ఇచ్చేటప్పుడు స్కోరు చూడనే చూడవు. 1600 వచ్చినా అక్కడ ఉపయోగం లేదు. ఇక మూడో గుంపులో వందల కాలేజీలున్నాయి. ఇష్టమైతే పంపొచ్చు, లేకపోతే మానొచ్చు. తల్లిదండ్రుల తర్జనభర్జన అంతా ఈ మూడో గుంపు గురించే.

ఈ గుంపులో పని ఇలా సాగుతుంది. చాలా కాలేజీలు తమ విద్యార్థుల స్కోర్లలో మధ్య సగం మంది ఎంత నుంచి ఎంత వరకు ఉన్నారో ప్రకటిస్తాయి. కామన్ డేటా సెట్ అనే వార్షిక పత్రంలో ఆ అంకెలు దొరుకుతాయి. ఉదాహరణకు ఒక కాలేజీలో అది 1300 నుంచి 1450 అనుకుందాం. అంటే స్కోరు పంపినవాళ్లలో నూటికి 25 మందికి 1300 కంటే తక్కువ, 25 మందికి 1450 కంటే ఎక్కువ వచ్చాయని. మీ అమ్మాయికి 1400 దాటితే పంపండి, ఆలోచన అక్కర్లేదు. 1300 కంటే తక్కువైతే పంపకండి. 1300కూ 1400కూ మధ్య వస్తే ఆ నిర్ణయం మీది కాదు, కోచ్‌ని అడగాలి. ఎందుకంటే క్రీడాకారుల దరఖాస్తు మామూలు దరఖాస్తులా నడవదు. ఏ ఆటకు ఎంత తగ్గి తీసుకోవచ్చో అడ్మిషన్స్ ఆఫీసు నుంచి కోచ్‌కు ఒక అంచనా అందే ఉంటుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: స్కోరు పంపని వాళ్లు ఎక్కువైనకొద్దీ, పంపినవాళ్ల సగటు పైకి జరుగుతుంది. కాలేజీ ప్రకటించే అంకె మొత్తం తరగతిది కాదు, పంపినవాళ్లది. 1320 చూసి బెంగపడే పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఐవీ లీగ్ ఎనిమిది కాలేజీల్లో ఇంకో పొర ఉంది. అక్కడ ఆట స్కాలర్‌షిప్ సున్నా, ఉన్నదల్లా కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం. పైగా మార్కులు, స్కోరు కలిపి 240కి అకడమిక్ ఇండెక్స్ అని లెక్కగట్టి, జట్ల సగటు మామూలు విద్యార్థుల సగటుకు మరీ దూరం పోకుండా చూస్తారు. కోచ్‌కు మీ ఆట ఎంత నచ్చినా ఆ అంకె కుదరకపోతే చేసేదేమీ లేదు. అందుకే ఐవీ కోచ్‌లు మొదటి ఉత్తరంలోనే స్కోరు అడుగుతారు. అడిగారని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మీ టైమ్ వాళ్లు వృథా చేయడం లేదనుకోండి.

పంపడం అనే ఒక్క మాటలో నిజానికి మూడు పనులున్నాయి. కోచ్‌కు ఈమెయిల్‌లో అంకె చెప్పడం ఒకటి. దీనికి ఖర్చు లేదు, రికార్డు లేదు. కోచ్ ద్వారా మార్కుల పత్రాలు, స్కోరు అడ్మిషన్స్ ఆఫీసుకు వెళ్లి అక్కడ ముందస్తుగా చదవడం రెండోది. దీన్నే ప్రీ-రీడ్ అంటారు. చదువుకు పేరున్న చిన్న డివిజన్ త్రీ కాలేజీల్లో ఇది అమెరికా లెక్కలో పన్నెండో తరగతికి ముందు వచ్చే జులై 1 తర్వాత మొదలవుతుంది. శాట్ నడిపే కాలేజ్ బోర్డు నుంచి అధికారికంగా పంపించడం మూడోది. మనవాళ్లు తొందరపడేది ఈ మూడోదాంట్లో. పరీక్ష రాసిన తర్వాత 9 రోజుల వరకు నాలుగు కాలేజీలకు ఉచితంగా పంపవచ్చు. ఉచితం కదా అని స్కోరు రాకముందే నాలుగు పేర్లు నింపేస్తారు. తీరా వచ్చాక 1180 అయితే, ఇష్టమైతేనే పంపే కాలేజీకి కూడా ఆ 1180 వెళ్లి కూర్చుంటుంది. తప్పనిసరి అన్న కాలేజీలకైతే ఆ ఉచితం వాడుకోండి. మిగతావాటికి స్కోరు కళ్లతో చూశాకే డబ్బు కట్టి పంపడం మంచిది.

తేదీల సంగతికొస్తే, చాలా ఆటల్లో డివిజన్ వన్ కోచ్ పిల్లలతో నేరుగా మాట్లాడగలిగే మొదటి రోజు పదో తరగతి అయిన ఏడాది జూన్ 15. కాలేజీ ఖర్చుతో వెళ్లి చూసి వచ్చే అధికారిక పర్యటనకు ఆ తర్వాతి ఆగస్టు 1. అమెరికా పిల్లలకు పదో తరగతి మే, జూన్‌లలో ముగుస్తుంది. మనకు బోర్డు పరీక్షలు మార్చికల్లా అయిపోతాయి. అంటే జూన్ 15 వచ్చేసరికి ఫరీదాబాద్ పిల్ల పదకొండో తరగతిలో రెండు నెలలు చదివేసి ఉంటుంది, చేతిలో పదో తరగతి మార్కుల జాబితా తాజాగా ఉంటుంది. ఆ రోజున కోచ్‌కు ఇవ్వాల్సింది అదే: తొమ్మిది, పది మార్కులు, ఆట ఫలితాలు, ఒక వీడియో. శాట్ స్కోరు ఆనాటికి ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. శాట్ ఫలానా నెలలో రాస్తున్నానని ఒక వాక్యం రాస్తే చాలు.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టుకోండి. ప్రీ-రీడ్ జులై 1న మొదలవుతుంది. అప్పటికి స్కోరు చేతిలో ఉండాలంటే పన్నెండో తరగతి మొదలైన జూన్ నెల పరీక్షే చివరి అవకాశం. మన దేశంలో శాట్ ఆగస్టు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ మార్చి, మే, జూన్‌లలో ఉంటుంది. మార్చి పదకొండో తరగతి వార్షిక పరీక్షల నెల. నవంబరు, డిసెంబరు చాలా ఆటల్లో జాతీయ పోటీల కాలం. కాబట్టి మొదటిసారి పదకొండో తరగతి అక్టోబరులోనో, పన్నెండు మొదలైన మేలోనో రాసి, జూన్‌లో రెండోసారి రాయడం నాకు కుదురుగా కనిపించే పద్ధతి. పరీక్ష 2 గంటల 14 నిమిషాలు, 98 ప్రశ్నలు, అంతా కంప్యూటర్ మీదే. ఆగస్టు పరీక్ష దిద్దుకోవడానికి పనికొస్తుంది. చాలా కాలేజీలు నవంబరు 1న ముందస్తు నిర్ణయం (ఎర్లీ డెసిషన్) దరఖాస్తులు మూసేస్తాయి కాబట్టి అక్టోబరుకు వదిలేస్తే చేతులారా ఒత్తిడి కొనితెచ్చుకోవడమే.

మరి స్కోరు అంత బాగా రాలేదు, కోచ్ అడిగాడు. దాచాలా? దాచకండి. ఉన్నదున్నట్టు చెప్పి, మళ్లీ ఎప్పుడు రాస్తున్నారో కూడా చెప్పండి. రాసి చెప్పని స్కోరు తర్వాత బయటపడితే ఆ కోచ్ నమ్మకం పోతుంది. ఇరవై ఏళ్ల పిల్లల జట్టును నమ్మకం మీద నడిపే మనిషికి అది చిన్న విషయం కాదు. కోచ్ అడగనప్పుడు, అది మధ్య సగం కంటే తక్కువున్నప్పుడు, మీరే ముందుపడి చెప్పనక్కర్లేదు. ఆ ఉత్తరంలో మార్కులకు పెద్దపీట వేయండి.

డబ్బు దగ్గర స్కోరుకు ఇంకో విలువ ఉంది. 2025 వరకు డివిజన్ వన్ పురుషుల టెన్నిస్ జట్టు మొత్తానికి అనుమతించిన స్కాలర్‌షిప్పులు 4.5 మాత్రమే. దాన్నే ఎనిమిది, తొమ్మిది మంది ముక్కలుగా పంచుకునేవాళ్లు. మహిళలకు 8 ఉండేవి. క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంతో ఆ పరిమితి పోయి, ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టులో ఎందరు ఉండవచ్చన్న పరిమితి వచ్చింది. టెన్నిస్‌లో 10 మంది. అయితే పదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వాలని ఎక్కడా లేదు. కోచ్ 40 శాతం ఇస్తానంటే మిగతా 60 ఎక్కడిది? చాలా కాలేజీల్లో చదువు ఆధారంగా ఇచ్చే మెరిట్ సాయం అందులో కొంత పూడుస్తుంది. సీటుకు స్కోరు ఐచ్ఛికమైన చోట కూడా ఆ సాయానికి స్కోరు పనికి రావచ్చు. డివిజన్ త్రీలో ఆట స్కాలర్‌షిప్పులే లేవు కాబట్టి అక్కడ కుటుంబాన్ని ఆదుకునేది మెరిట్ సాయం, ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయమే. కోచ్‌ని అడగాల్సిన రెండో ప్రశ్న ఇదే: నా స్కోరు పంపితే మెరిట్ సాయం ఎంత మారుతుంది?

అమెరికా వద్దనుకుంటే, మెట్రో ఎక్కి వెళ్లివచ్చే దూరంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉంది. ఒలింపిక్ పతకాల మను భాకర్ చదివింది అక్కడి లేడీ శ్రీరామ్ కాలేజీలోనే. అక్కడ స్కోరు పంపాలా వద్దా అనే ఎంపిక ఉండదు. 2022 నుంచి క్రీడా కోటాకు కూడా సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. తుది జాబితాలో సీయూఈటీకి 25 శాతం, ట్రయల్స్‌కు, ధ్రువపత్రాలకు కలిపి 75 శాతం అని ఆ ఏడాది ప్రకటించారు. దేశం తరఫున పెద్ద పోటీల్లో ఆడినవాళ్లకు ట్రయల్స్ లేకుండానే సీటిస్తారు. ఇక్కడ తేదీ చూసుకోవాల్సింది ధ్రువపత్రాల మీద: గడిచిన మూడేళ్లవే చెల్లుతాయి. తొమ్మిదో తరగతిలో గెలిచిన పతకం పన్నెండు పూర్తయ్యేసరికి పాతబడుతుంది. పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇంకో చోట. చేరాలనుకున్న కోర్సుకు కావలసిన సబ్జెక్టు సీయూఈటీలో ఎంచుకోకపోతే, ఎంత ఆడినా ఆ కోర్సు దక్కదు.

ఐఐటీ మద్రాసు 2024లో తెచ్చిన పద్ధతి నాకు చాలా నచ్చింది. ప్రతి బీటెక్, బీఎస్ కోర్సులో క్రీడాకారులకు రెండు అదనపు సీట్లు, అందులో ఒకటి ఆడపిల్లలకు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత రావాలి, గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ పతకం ఉండాలి. ఆ గడప దాటాక వరుస నిర్ణయించేది క్రీడా ర్యాంకు. అంటే పరీక్ష గడప దాటడానికి, ఆ తర్వాత అంతా ఆటదే. మన రెండు తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ ప్రవేశాల్లో క్రీడా కోటా అర శాతం, అంటే 200 సీట్లకు ఒకటి. అంత సన్నని సందులోంచి పిల్లల్ని పంపాలని చూసేకన్నా మద్రాసు పద్ధతి తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలూ తీసుకోవాలి.

చివరిగా ఒక హెచ్చరిక, ఒక విన్నపం. పన్నెండు అయ్యాక ఒక ఏడాది ఖాళీగా ఉండి టోర్నమెంట్లు ఆడిస్తే ర్యాంకు పెరుగుతుందని కొందరు చెబుతారు. డివిజన్ వన్‌లో ఇప్పటిదాకా నడిచిన నియమం ప్రకారం టెన్నిస్ వాళ్లకు గడువు ఆరు నెలలే, చాలా ఆటలకు ఏడాది. అది దాటి పోటీలు ఆడితే కాలేజీలో ఆడే కాలం కరిగిపోతుంది. ఈ నియమాల మీద మార్పుల చర్చ నడుస్తోంది కనుక మీ పిల్లలు చేరే ఏటి నిబంధన చదివి, కాలేజీలో నియమాల వ్యవహారం చూసే కంప్లయన్స్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఏజెంటు మాట చాలదు.

విన్నపం ఏమిటంటే, బోర్డు ఇచ్చేవి పది, పన్నెండు మార్కుల జాబితాలే. ఎన్‌సీఏఏ అడిగేది తొమ్మిది నుంచి ప్రతి ఏడాదివీ. తొమ్మిది, పదకొండు తరగతుల రిపోర్టు కార్డులు స్కూలు ముద్రతో, ప్రిన్సిపల్ సంతకంతో ఇప్పుడే తీసి భద్రపరచండి. బదిలీల మీద ఊళ్లు మారే కుటుంబాలైతే స్కూలు వదిలే రోజునే అడిగి తీసుకోండి.